నిచ్చెన కట్టలే, జారింది, పడ్డ

నేను రాసిన యాక్సిడెంట్ రిపోర్టు మా మేనేజర్ దగ్గర్నుంచి వెనక్కి వచ్చింది. మొదటి వాక్యం మీద అడ్డంగా ఒక గీత. మార్జిన్‌లో ఒకటే మాట, ‘హూ?’ అని. కింద ఇంకో వాక్యం పక్కన కూడా అదే ప్రశ్న, ఇంకాస్త పెద్ద అక్షరాలతో. ఇంగ్లిష్ తప్పుందని మాత్రం ఎక్కడా లేదు. ఉండదు కూడా, రాత్రి క్యాంపులో అందరూ పడుకున్నాక కూర్చుని ఒక్కో మాటా సరిచూసుకున్నాను. అందుకే కోపం ఎక్కువ వచ్చింది.

నేను దుబాయ్‌లో సేఫ్టీ ఆఫీసర్‌ని. పరకాల పక్కన ఊరు, వరంగల్‌లో డిప్లొమా, ఆ తర్వాత అందరిలాగే ఇటు. మా సైట్‌లో కోరుట్ల ఆయన ఒకరు నిచ్చెన మీంచి పడి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. దాని మీద నేను రాసిన మొదటి వాక్యం ఇది: ‘ఇట్ ఈజ్ హియర్‌బై కైండ్లీ ఇన్‌ఫార్మ్‌డ్ దట్ ద ఎబౌవ్ మెన్షన్డ్ వర్కర్ మెట్ విత్ ఎన్ ఇన్సిడెంట్ డ్యూరింగ్ ద కోర్స్ ఆఫ్ పెర్ఫార్మింగ్ హిజ్ డ్యూటీ డ్యూ టు ద ఫ్యాక్ట్ దట్ ద ల్యాడర్ వాజ్ నాట్ ఫౌండ్ టు బి ప్రాపర్లీ సెక్యూర్డ్.’ 35 మాటలు. లెక్కపెట్టింది మా మేనేజర్, నేను కాదు.

ఆవిడది లివర్‌పూల్. మా మేనత్త వయసు ఉంటుంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో ముక్కా తీస్తూ పోయింది. తెలియజేయడమైనది అని ఎందుకు, రిపోర్టు చేతిలో పెట్టావంటేనే తెలియజేసినట్టు కదా. పైన పేరు రాశావు, ఇక్కడ ‘హీ’ చాలు. డ్యూటీలో కాకపోతే ఈ రిపోర్టే ఉండదు, అది కొట్టెయ్. ‘మెట్ విత్ ఎన్ ఇన్సిడెంట్’ అంటే ఏమైంది? పడ్డాడు. మరి పడ్డాడనే రాయి. ‘నాట్ ప్రాపర్లీ సెక్యూర్డ్’ దగ్గర మాత్రం చాలాసేపు ఆగింది. అసలు కట్టలేదా, కట్టింది సరిగ్గా లేదా? మొదటిదైతే పని వదిలేశారు, రెండోదైతే పని రాదు. నీ వాక్యం చదివితే ఏదో తెలియట్లేదు అంది. చివరికి మిగిలింది ఇది: ‘ద ల్యాడర్ వాజ్ నాట్ టైడ్. ఇట్ స్లిప్డ్. హీ ఫెల్ టూ మీటర్స్.’ 11 మాటలు. నా 35 మాటల్లో ఎంత ఎత్తు నుంచి పడ్డాడన్నది లేదు, ఈ 11లో ఉంది.

హాస్పిటల్లో ఆ కోరుట్ల అన్న నాతో చెప్పింది అచ్చం ఇంతే. “నిచ్చెన కట్టలే సార్. జారింది. పడ్డ.” ఎనిమిదో తరగతి దాటని మనిషి ఉన్నదున్నట్టు చెప్పిన మాటకు, డిప్లొమా చదివిన నేను కోటు తొడిగి ఆఫీసుకు పంపాను.

అయినా నా తరఫున చెప్పుకోవాల్సింది ఉంది. మనకు వచ్చిన మొదటి పెద్ద ఇంగ్లిష్ వాక్యం ఏది? ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ కదా. ఆ వెంటనే ‘ఐ రిక్వెస్ట్ యూ టు కైండ్లీ గ్రాంట్ మీ లీవ్’. జ్వరం రాకముందే లీవ్ లెటర్ కంఠతా వచ్చిన పిల్లలం. ఇంగ్లిష్‌లో మనం ఆడుకోలేదు, కొట్లాడుకోలేదు, బేరాలు చెయ్యలేదు. పైవాడిని అడుక్కోవడానికే నేర్చుకున్నాం. నోటితో మాట్లాడేటప్పుడు మా దిక్కు మనుషులంత ముక్కుసూటిగా ఎవరుంటారు? ‘ఏంది, ఎందుకట్ల జేసినవ్’ అని సర్పంచ్‌నైనా నిలబెట్టి అడుగుతారు. కాగితం ముందు పెట్టండి, అదే మనిషి నడుం వంగుతుంది.

ఈ వంగడం నాకు ఇంట్లోంచే వచ్చింది. మా బాపు తహశీల్ ఆఫీసు ముందు చెట్టు కింద దరఖాస్తులు రాసేవాడు. ‘మహారాజశ్రీ తహశీల్దార్ గారి దివ్య సముఖమునకు’ అని మొదలయ్యేది. భూమి తగాదా అయితే ఇప్పటి సంగతి మొదటి పేజీలో కనపడదు. 1954-55 ఖాస్రా పహాణీలో తాత పేరు ఉండటం, ఆ తాతకు ముగ్గురు కొడుకులు కావడం, నడిపివాడు భీవండి పోయి తిరిగి రాకపోవడం, ఇవన్నీ అయ్యాక ఎక్కడో చివర్లో ‘కావున తమరు దయతలచి’ అనే చోట అసలు కోరిక. ఆయనకు ఈ పని నేర్పిన ముసలాయన నిజాం కాలపు కచేరీల్లో ఉర్దూ అర్జీలు రాసిన మనిషి. కాబట్టి ఈ సాగదీత ఇంగ్లిషువాడిచ్చిందే అని తోసెయ్యలేను. దరఖాస్తు, దస్తఖతు అన్న మాటలతో పాటే ఆ మర్యాదా వచ్చింది, దాని మీదికి ఇంగ్లిష్ మర్యాద ఇంకో పొర.

బాపు ఎప్పుడైనా చిన్నగా రాస్తే జనం ఊరుకునేవాళ్ళు కాదు. “గింతేనా సారు? మా పెద్దోని సంగతి రాయవైతివి.” రాసింది మొత్తం చదివి వినిపించాకే వేలిముద్ర వేయించేవాడు. వినేటప్పుడు కొందరు ఆడవాళ్ళు ఏడ్చేవాళ్ళు. సుబేదారిలో కలెక్టరేట్‌కు సోమవారం ప్రజావాణికి పోయినా అర్జీ తీసుకుని రసీదు ఇచ్చి పంపిస్తారు, అంతే. వాళ్ళ కథ మొదటినుంచి చివరిదాకా ఒక మనిషి కూర్చుని విన్నది ఆ చెట్టు కిందే. ఆ దరఖాస్తును 11 మాటలకు కుదిస్తే తహశీల్దార్‌కు సుఖం. వచ్చినవాళ్ళకేం మిగులుతుంది?

ఇదంతా ఆవిడకు చెప్పలేదు, చెప్పేంత ఇంగ్లిష్ నా దగ్గర లేదు. మా బాపు అర్జీలు రాసేవాడని మాత్రం అన్నాను. ఆవిడ ముఖం వెలిగింది. వాళ్ళ ఊరి ఆడమనిషే క్రిస్సీ మహర్ సంగతి చెప్పింది. పేదింట్లో పుట్టి, టీనేజ్ దాకా చదవడం రాని మనిషి. సర్కారు ఫారాలు అర్థంకాక పేదలకు రావాల్సినవి రాకుండా పోతున్నాయని 1979లో లండన్‌లో పార్లమెంటు ముందు వందల కొద్దీ సర్కారు కాగితాలను ముక్కలు చేసి, ప్లెయిన్ ఇంగ్లిష్ క్యాంపెయిన్ మొదలుపెట్టింది. తర్వాత అమెరికాలో 2010లో దీనికి చట్టమే వచ్చింది, సర్కారు జనానికి రాసేది జనానికి అర్థమయ్యేట్టు రాయాలని. 2023లో దీనికీ అంతర్జాతీయ ప్రమాణంగా ఒక ఐఎస్ఓ నంబర్ వచ్చింది, 24495. మా మేనేజర్‌కు ఐఎస్ఓ అంటే శిలాశాసనం.

నాకు ఆ కథలో పట్టుకున్నది వేరే. అక్కడ ఫారం అర్థం కాకపోతే ఫారాన్నే మార్చమన్నారు. మా దగ్గర ఫారం ముందు ఇంకో మనిషిని కుర్చీ వేసి కూర్చోబెట్టాం. ఆ కుర్చీ మీది సంపాదనతోనే నేను చదువుకున్నాను కాబట్టి పార్లమెంటు ముందు చించేసిన కాగితాల గురించి పూర్తి సంతోషంతో రాయలేను.

మర్యాద ప్రాణాలు తీస్తుందని కూడా ఆవిడ వాదన. ట్రైనింగ్‌లో అందరికీ ఒక విమానం కథ చెబుతుంది. 1990 జనవరి 25న కొలంబియా నుంచి న్యూయార్క్ వస్తున్న ఏవియాంకా విమానం గాల్లో తిప్పించుకుని తిప్పించుకుని ఇంధనం అయిపోయి లాంగ్ ఐలాండ్‌లో కూలింది, 73 మంది పోయారు. కంట్రోల్ టవర్ వాళ్ళతో పైలట్లు ‘ప్రయారిటీ’ కావాలన్నారు, ఇంధనం అయిపోతోందన్నారు, ‘ఎమర్జెన్సీ’ అన్న మాట మాత్రం అనలేదు. ఈ కథకు నా దగ్గర జవాబు లేదు.

కానీ ఆ ‘హూ?’కు ఉంది. ‘ద ల్యాడర్ వాజ్ నాట్ టైడ్’ అన్న పొట్టి వాక్యం పక్కన కూడా ఆవిడ మళ్ళీ అదే ప్రశ్న వేసింది. కట్టనిది ఎవరు? చేసిన మనిషి వాక్యంలో కనపడాలి, అది ఆవిడ నియమాల్లో మొదటిది. నిచ్చెన కట్టాల్సింది స్కఫోల్డర్, అంటే పరంజా కట్టే మనిషి. ఆ స్కఫోల్డర్ వేములవాడ దిక్కు పిల్లగాడు. పేరు రాస్తే వార్నింగ్ లెటర్, ఇంకోటి పడితే ఇంటికి టికెట్. ఇంటి దగ్గర ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు, దాని మిత్తి సంగతి మీకు చెప్పక్కర్లేదు. నా 35 మాటల వాక్యం మబ్బుగా ఉందంటే ఊరికే లేదు, ఆ మబ్బు కింద ఒక మనిషిని దాచాను. ‘కట్టబడలేదు’ అంటే ఎవరికీ దెబ్బ తగలదు. ఆఫీసుల్లో ఈ ‘బడు’ని పెద్దవాళ్ళు తమను దాచుకోవడానికి వాడతారని అందరికీ తెలుసు. కిందివాళ్ళను దాచడానికి కూడా ఎవరో ఒకరు వాడుతూనే ఉంటారు, అది పుస్తకాల్లో రాయరు.

ఇంత వివరంగా కాకపోయినా చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. సరే, ఆ అబ్బాయి ఎందుకు కట్టలేదు, అదీ వాక్యంగానే రాయి, అక్కడా ‘హూ’ పెట్టుకో అంది. వెళ్ళి అడిగాను. నిచ్చెన నిలబెట్టాడు, పైన మీటరు మిగిలేట్టు చూసుకున్నాడు, కట్టబోతుంటే ఫోర్‌మన్ వచ్చి కాంక్రీటు బండి వచ్చేసింది, అటు పో అన్నాడు. ఎక్కొద్దని చెప్పే రెడ్ ట్యాగ్ పెడదామంటే ట్యాగులు స్టోర్‌లో ఉన్నాయి, స్టోర్ తాళం వేసి ఉంది. అప్పుడు రిపోర్టులో వాక్యాలు ఇలా వచ్చాయి: ఫోర్‌మన్ స్కఫోల్డర్‌ను వేరే పనికి పంపాడు. స్కఫోల్డర్ నిచ్చెన కట్టకుండా వెళ్ళాడు. సైట్‌లో రెడ్ ట్యాగులు లేవు. అన్నీ చిన్నవే, అన్నిటిలోనూ ఎవరో ఒకరో ఏదో ఒకటో ఉంది. నా పాత వాక్యంలో ఫోర్‌మన్ కూడా హాయిగా దాక్కున్నాడని అప్పుడు కనపడింది.

వేములవాడ పిల్లగాడికి లెటర్ రాలేదు. ట్యాగులు స్టోర్‌లోంచి సైట్ ఆఫీసు గోడ మీదికి వచ్చాయి. ఫోర్‌మన్ మెస్‌లో నా బల్ల దగ్గర కూర్చోవడం మానేశాడు. చిన్న వాక్యం రాసేవాడికి ఈ ఖర్చు ఉంటుందని ఆవిడ ట్రైనింగ్‌లో చెప్పదు, ఎందుకంటే ఆవిడ మా మెస్‌లో తినదు.

ఇంకో సంగతి కూడా గమనించాను. మాకు రాసేటప్పుడు ఆవిడ ఈమెయిల్ రెండు మాటలు: ‘సెండ్ ఫొటోస్.’ మొదట్లో ఏం తప్పు చేశానో అని టెన్షన్ పడేవాణ్ణి. అదే క్లయింట్‌కు రాసేటప్పుడు చూడండి, ‘వుయ్ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యూ కుడ్ పాజిబ్లీ కన్సిడర్’. ఇక మా కాంట్రాక్టు సెక్షన్ పంపే క్లెయిమ్ లెటర్లు మా బాపు దరఖాస్తులకు అన్నలు. డబ్బు అడిగేటప్పుడు ఎవరి భాషైనా నిడివి పెరుగుతుందన్నమాట. ఒకసారి ధైర్యం చేసి ఆవిడతోనే అన్నాను. నవ్వి, ఆ ‘పాజిబ్లీ’ ఒక్కటి కొట్టేసింది.

కోత మరీ ఎక్కువైనా తిప్పలే. ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో, ఆరుబయట పని చేయించకూడదు. దాని మీద నేను రాసిన నోటీసు కొంచెం పొడుగ్గానే ఉంది. ఆవిడ దాన్ని ‘నో వర్క్ 12:30 టు 3’ అని చేసి గోడకు అంటించింది. మర్నాడు లోపల ఏసీ కింద టైల్స్ వేసేవాళ్ళు కూడా పనిముట్లు పక్కన పెట్టి కాళ్ళు చాపారు. ఫోర్‌మన్ అరుస్తుంటే నోటీసు చూపించారు. రాసిందే కదా చేశాం అన్నారు, న్యాయమే. సాయంత్రానికి ‘ఇన్ ఓపెన్ ఏరియాస్’ వెనక్కి వచ్చింది. మూడు మాటలు. చాలా తృప్తిగా టైప్ చేశాను.

ఇప్పుడు క్యాంపులో లెటర్లు రాయించుకోవడానికి నా దగ్గరికే వస్తారు, బాపు పని ఇక్కడా తప్పలేదు. మొన్న ధర్మపురి దగ్గరి పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. బిడ్డ పెళ్ళి, లీవ్ కావాలి. ఆవిడ నేర్పినట్టే రాశాను: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా లీవ్ కావాలి, బిడ్డ పెళ్ళి, నా పని ఫలానా అతను చూసుకుంటాడు. చదివి వినిపించాను. ఆయన కాసేపు నా ముఖం చూశాడు. “గింతేనా సార్? అది పుట్టినప్పుడు నేను ఇక్కడనే ఉన్న. పెద్దమనిషైనప్పుడు గూడ ఇక్కడనే ఉన్న. గది రాయి సార్.”

హెచ్‌ఆర్‌కు ఆ సంగతితో పని లేదు. తేదీలు చాలు. లీవ్ ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ వాక్యం వల్ల కాదు. ఆవిడ చూస్తే ముందు దాని మీదే గీత పడుతుంది. ఆయన చెప్పిన వరసలోనే ఆ రెండు సంగతులూ ఇంగ్లిష్‌లో పెట్టి, మళ్ళీ మొదటినుంచి చదివి వినిపించి, సంతకం పెట్టించాను.