బ్లూస్ హార్మోనికా: మూడు స్వరాలతో ఆరు వారాలు

మొదటి వారం. వాద్యం సి శ్రుతిలోని పది రంధ్రాల డయాటానిక్ (ఒకే శ్రుతికి అమర్చిన) హార్మోనికా, అంటే మౌతార్గాన్. వాయిస్తున్నది జి శ్రుతిలో బ్లూస్ (ఆఫ్రికన్ అమెరికన్ల పాటల బాణీ), అంటే వాద్యం శ్రుతిలో కాక వేరే శ్రుతిలో వాయించే క్రాస్ హార్ప్ పద్ధతి. ఇందులో ఊదే స్వరాలకంటే పీల్చే స్వరాల మీదే ఎక్కువ ఆధారపడతాం. తాళం దెబ్బలు కొట్టే మెట్రోనోమ్ నిమిషానికి 72 దెబ్బల దగ్గర పెట్టాను. ఆ వేగంలో పన్నెండు బార్ల (బార్ అంటే నాలుగు దెబ్బలు) ఆవర్తం 40 సెకన్లలో పూర్తవుతుంది. ఐదు ఆవర్తాలు ఫోనులో రికార్డు చేసి విన్నాను. స్వరం తప్పలేదు, తాళం తప్పలేదు. అయినా వినబుద్ధి కాలేదు. ఒక్క చోటా ఆగలేదు మరి!

రెండో వారం. ఆవర్తాన్ని నాలుగేసి బార్ల మూడు పాదాలుగా విడగొట్టాను. బ్లూస్ సాహిత్యం తరచూ ఇలాగే నడుస్తుంది: ఒక మాట, మళ్లీ అదే మాట, మూడో పాదంలో దానికి జవాబు. గాయకుడు ప్రతి పాదంలో దాదాపు సగమే పాడి, మిగిలిన చోటు వాద్యానికి వదులుతాడు. నేనూ రెండు బార్లు వాయించి రెండు బార్లు ఆగాలని నియమం పెట్టుకున్నాను. స్వరాలు మూడే: రెండో రంధ్రంలో పీల్చితే జి, మూడో రంధ్రంలో అరస్వరం వంచి (నాలుకతో శ్రుతిని కిందికి దించి) పీల్చితే బి ఫ్లాట్, నాలుగో రంధ్రంలో ఊదితే సి.

మూడే స్వరాలంటే పేదగా ఉంటుందనుకున్నాను, కానీ చేయవలసిన పని చాలా కనిపించింది. మొదటి దెబ్బకు కాకుండా రెండో దెబ్బ దాటాక ఎత్తుకుంటే అదే స్వరాల వరుస కొత్తగా వినిపిస్తుంది. చివరి స్వరాన్ని సాగదీస్తే ఒక అర్థం, తుంచేస్తే మరొక అర్థం. నాకు అన్నిటికంటే పనికొచ్చింది మాటల నడక. “నిన్న ఎందుకు రాలేదు?” అని మామూలుగా పలికి, ఆ హ్రస్వదీర్ఘాలనే వాయిస్తాను. రెండో పాదంలో అదే ప్రశ్న, చివరి స్వరం మాత్రం మారుతుంది. మూడో పాదంలో జవాబు జి మీదికి దిగుతుంది.

ఆగడం వల్ల మరో మేలు కూడా ఉంది. ఈ పద్ధతిలో పీల్చడమే ఎక్కువ కాబట్టి మూడో పాదానికల్లా ఊపిరితిత్తులు నిండిపోయి, పీల్చడానికి చోటుండదు. ఖాళీ బార్లలో ముక్కుతో గాలి మెల్లగా వదిలేస్తే ఆ ఇబ్బంది పోయింది.

నాలుగో వారం అంతా మూడో రంధ్రంతోనే గడిచింది. అక్కడ బి నుంచి బి ఫ్లాట్, ఎ, ఎ ఫ్లాట్ దాకా వంచవచ్చు. వంచడం కంటే కావలసిన చోట నిలపడమే కష్టం. నాది ప్రతిసారీ ఎ దాకా జారిపోయేది. “ఈ” పలికే నాలుకను “ఊ” వైపు కొద్దిగా మాత్రమే వెనక్కి తీస్తూ, రోజూ పది నిమిషాలు శ్రుతి చూపే ట్యూనర్ ముందు కూర్చున్నాను. ఈ స్వరం నిలవకపోతే ఐదు, ఆరు బార్లు చెడిపోతాయి. అక్కడ పాట వెనక నడిచే కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) సి కి మారుతుంది. వంచని బి దానితో పొసగదు, బి ఫ్లాట్ చక్కగా అమరుతుంది.

ఐదో వారం. చివరి నాలుగు బార్లకు మజిలీలు పెట్టుకున్నాను: తొమ్మిదో బార్‌లో నాలుగో రంధ్రం పీల్చు, పదిలో అదే రంధ్రం ఊదు, పదకొండులో రెండో రంధ్రం పీల్చు. అంటే డి, సి, జి. ఈ మూడూ చేరితే చాలు, నడిమి దారి మనోధర్మం.

బ్లూస్ గాయకుడు, హార్మోనికా వాద్యకారుడు రెండో సన్నీ బాయ్ విలియమ్సన్ (ఆ పేరుతో ఇద్దరున్నారు) రికార్డింగులు కూడా ఈ వారమే పెన్సిలు పట్టుకుని విన్నాను. స్వరాలు రాసుకోలేదు. ఆయన ఊరుకున్న దెబ్బలు మాత్రమే కాగితం మీద గుర్తు పెట్టాను. తన గొంతుకు తానే హార్మోనికాతో బదులిచ్చే ఆ తీరు నాకు ఎంతో ఇష్టం.

ఆరో వారం రికార్డింగులో మూడో ఆవర్తం నాకు నచ్చింది. ఆరో బార్‌లో బి ఫ్లాట్ రెండు దెబ్బల పాటు కదలకుండా నిలిచింది. పదో బార్‌లో మాత్రం తొందరపడి ముందే ఎత్తుకున్నాను. వచ్చే వారం వేగం 66 కి తగ్గించి, నాలుగో రంధ్రం వంపు, డి ఫ్లాట్, మొదలుపెడతాను.