సోషల్ సారు రాత్రి బడి

మన బడి బ్యాచ్ సావనీర్‌కి ఒక పేజీ రాయరా, బ్యాంకు మేనేజర్‌వి గదా అని కమిటీవాళ్ళు ఒకటే పోరు. పదో తరగతి గురించి నిజంగా నాకేం గుర్తులేదు, పబ్లిక్ పరీక్షల్లో పొడుగోడి ఘనకార్యం తప్ప, అది రాస్తే వాడి పిల్లలు చదువుతారు. ఆరు, ఏడు అయితే పూర్తిగా ఖాళీ. గుర్తున్నదల్లా తొమ్మిదో తరగతి, సోషల్ సారు, "లేయండ్రా బృహస్పతులూ".

1991లో మన నెల్లూరు జిల్లాలో చదువురాని పెద్దోళ్ళకి చదువు నేర్పే అక్షరదీపం నడిచేటప్పుడు సారు మన క్లాసు మీద పడ్డాడు, చదవొచ్చినోడల్లా రాత్రిపూట పెద్దోళ్ళకి నేర్పాల్సిందే, జీతం లేదు, మార్కులూ లేవు. రామాలయం అరుగు, లాంతరు, పలకలు. నాకు అప్పజెప్పిన ఆడోళ్ళలో మా అమ్మ కూడా ఉంది. నన్ను "అమ్మకి అయ్యోరు" అని ఏడిపించింది ఎవరో నేను మర్చిపోలా, వెనక బెంచీ!

నేను అ ఆలు దిద్దించబోతే సారు పలక లాక్కున్నాడు. పెద్దోళ్ళకి అట్ట కాదురా, వాళ్ళకి తెలిసిన మాట ముందు రాసి చూపించు, అందులోంచి అక్షరం బయటికి తియ్యి అన్నాడు. అట్టనే చేశా, అమ్మ నాకన్నా తొందరగా పట్టుకుంది, పైగా నా చేతిరాత బాలేదంది.

సీతమ్మ కథ వచ్చేదాకా అంతా సరదానే. సారా వల్ల సంసారం ఏమైపోద్దో చెప్పే పాఠం అది. మా నాయన సంగతి మీకు తెలుసు. అమ్మ కూడబలుక్కుంటా చదివి, అయిపోయినాక మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది, నిద్రొస్తంది పోదాం మా అంటే నువ్వు పో అంది.

మన జిల్లాలోనే దూబగుంట ఊళ్ళో రోశమ్మ వాళ్ళు సారా కొట్టు మూయించారని తెలిసినాక మనూళ్ళో ఏం జరిగిందో మీరూ చూశారు, సారా ప్యాకెట్ల జీపు వెనక్కి తిరిగిపోతే గోడెక్కి ఈలలేసింది మనమే గదా. అంతా చదువు వల్లే అని మీటింగుల్లో చెప్తుంటారు గానీ కోపం వాళ్ళకి ముందునుంచీ ఉంది, పాఠాల పేరుతో రోజూ రాత్రి ఒకచోట కూర్చోవడం కొత్త. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయినప్పుడు సారు పేపరు తెచ్చి అమ్మ చేతే పైకి చదివించాడు.

తర్వాత పొదుపు లక్ష్మి, రోజుకో రూపాయి దాచే గుంపులు. మా వీధి గుంపు పుస్తకం అమ్మే రాసింది. అప్పు నోటు మీద వేలు పెట్టమంటే, ఆగు, ఏం రాశావో చదవనీ అనేది. నేను బ్యాంకులో చేరినాక కూడా వడ్డీ లెక్క నాది తప్పని ఒకటికి రెండుసార్లు తేల్చింది.

ఇది పంపేముందు అమ్మకి ఇచ్చా. సారు గురించి ఇంకా రాయమంది, నా గురించి తగ్గించమంది. చాలా కొట్టేశా, మేనేజర్ అన్నది మాత్రం ఉంచుకున్నా.