పచ్చి కర్ర అయితే వడ్రంగి పనెందుకు ఒప్పుకోడు

గుమ్మం ముహూర్తం పది రోజుల్లోకి వస్తుంది. అప్పుడు అడితికి పరుగెత్తి, ఆ పూటే కోయించిన టేకు తెచ్చి పెడతారు. పని తెలిసిన వడ్రంగి ఒక ముక్క ఎత్తి చూసి, "ఇది ఆరలేదండీ, నేను చెయ్యను" అంటాడు. రేటు పెంచడానికి బెట్టు చేస్తున్నాడని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. అలా చేసేవాళ్లూ ఉన్నారు, కాదనలేం. కానీ పచ్చి కర్ర సంగతి వేరు.

పచ్చి కర్రలో తేమ 30 శాతం దాటే ఉంటుంది. ఇంట్లో కొన్నాళ్లున్నాక 12–14కి దిగుతుంది. దిగేకొద్దీ చెక్క కుంచించుకుపోతుంది, పొడవులో కాదు, వెడల్పులో. అడుగు వెడల్పు టేకు పలక, కోసిన తీరును బట్టి, సుమారు 5 నుంచి 9 మి.మీ. తగ్గుతుంది. తలుపు చట్రం గాడిలో దాగిన అంచు బయటికొచ్చి, పాలిష్ పడని తెల్లటి గీత కనిపిస్తుంది. కదలకూడదని జిగురు పెట్టి బిగిస్తే ఇంకా ప్రమాదం: జరగడానికి చోటులేక పలక నడిమికి చీలుతుంది. చట్రమే మెలి తిరిగితే పై మూల తగులుతుంది, కింది మూల తగలదు, గడియ పడదు. అప్పుడు చూసినవాళ్లు "ఎవరు చేశారు?" అని అడుగుతారు. కర్ర ఏ అడితిలో కొన్నారని ఎవరూ అడగరు. ఆ తలుపు వీధివైపే ఉంటుంది, పాతికేళ్లు.

ముక్క పైపైన ఆరినట్టు కనిపించినా నమ్మడానికి లేదు. రెండు సూదుల తేమ మీటరు అంచున గుచ్చితే తక్కువే చూపిస్తుంది. ముక్కను అడ్డంగా కోసి, కోసిన ముఖం నడుమ గుచ్చాలి. అక్కడ 20 చూపిస్తే ఆ కర్ర పక్కన పెట్టాల్సిందే. మీటరు లేకపోతే చిన్న ముక్కను వారం వారం తూయండి. బరువు తగ్గుతున్నంత కాలం అది ఆరుతూనే ఉంది. నీడలో, మధ్య పుల్లలు పెట్టి, గాలాడేలా పేర్చినా అంగుళం మందానికి దాదాపు ఏడాది పడుతుందని పాత లెక్క.

చేవ, అంటే మాను నడిమి గట్టి చెక్క, దాని చుట్టూ ఉండే తెల్ల చెక్కకు రంగు పూసి చేవలా చూపించమన్నా అంతే, వద్దంటారు. దాన్ని పురుగు తొలిచి పిండి రాలుస్తుంది, రంగు ఆపదు.

ముహూర్తం ఆగదు కాబట్టి దారి ఒకటుంది. 7 అడుగుల గుమ్మానికి 5×3 అంగుళాల కర్ర గడపతో కలిపి సుమారు 2.2 ఘనపుటడుగులు. అంతవరకు బాగా ఆరింది వెతికి ఎక్కువ ధరకైనా కొనండి. గోడలు తడిపేటప్పుడు దాన్ని పాలిథిన్ షీటుతో చుట్టి ఉంచండి. తలుపు చెక్క ఇప్పుడే కొని పేర్చి పెట్టండి. బిగించే రోజుకి పలకకు గాడిలో రెండు వైపులా 2–3 మి.మీ. ఖాళీ వదలమనండి, వానాకాలంలో ఉబ్బడానికి.