మా ఇంట్లో పిట్టగూడు పని

లెక్కల పుస్తకంలో మిల్లీమీటర్లంటే మొహం ముడుచుకునే మా అమ్మాయి, గూడు చేయడం మొదలుపెట్టాక మాత్రం గీత గీసేముందు టేపు రెండుసార్లు పెట్టి చూసుకుంటోంది, ఎందుకంటే 2 మిల్లీమీటర్లు తేడా వచ్చినా పైకప్పు సరిగ్గా కూర్చోదని కళ్లారా చూసింది. రంపం కోసిన చోట కొంత చెక్క పొట్టుగా పోతుంది కదా, అందుకే గీత మీద కాకుండా పక్కగా కొయ్యాలని నేను చెప్పకముందే కనిపెట్టేసింది!

అంచుకు దగ్గరగా మేకు కొడితే చెక్క నార వెంబడి పగిలింది. కాసేపు ఏడుపు. తర్వాత తనే అడిగింది, "ముందు సన్న బెజ్జం వేసి కొడితే?" అని.

ఉప్పుకాగితం దగ్గరే ఓపిక లేదు. బాగా గరుకుగా ఉండే 80 నంబరు కాగితంతో మొదలుపెట్టి, ఇంకా నున్నటి 120, 220 దాకా రావాలి, అదీ నార వెంబడే రుద్దాలి, అడ్డంగా రుద్దితే గీతలు పడతాయి. వేలితో తడిమి "ఇక్కడింకా గరుగ్గా ఉంది నాన్నా" అంటుంది, రుద్దమని మళ్లీ నాకే ఇస్తుంది.

రంపం తన చేతికిస్తే నాకే టెన్షన్. చెక్కను బల్లకు క్లాంపుతో బిగించి, పొట్టు కళ్లలో పడకుండా రక్షణ కళ్లద్దాలు పెట్టించాక కాస్త తగ్గింది. పిల్లలకు మొద్దు రంపమే నయమంటారు గానీ, అసలు జారేది అదే.

ఇక రంగు మిగిలింది. గూటి లోపల మాత్రం వెయ్యకూడదట, పిట్టలకు మంచిది కాదని ఎక్కడో చదివి నాకే చెప్పింది.