ఒచనోమిజులో నాలుగున్నర లక్షల బేస్ గిటార్

టోక్యోలో గిటార్ కొనదలచినవారు ఎవరినీ చిరునామా అడగవలసిన పని లేదు. ఒచనోమిజు స్టేషన్‌లో దిగి, మేజీ విశ్వవిద్యాలయం మీదుగా జింబోచో పాత పుస్తకాల పేట వైపు దిగే వాలు వీధి పట్టుకుంటే చాలు, రెండు వైపులా గిటార్ల దుకాణాలే కనిపిస్తాయి. 2024 నవంబరులో మా చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు ఆ నగరంలో చూడవలసినవి ఎన్ని ఉన్నా, నా మనసంతా ఈ వీధి మీదనే ఉంది. అమెరికా గిటార్ల సంస్థ ఫెండర్ జాజ్ బేస్ పేరుతో చేసిన 1960 నాటి నమూనాను అనుసరించి ఒక పేరున్న తయారీదారు పరిమిత సంఖ్యలో చేసిన బేస్ గిటార్ అక్కడి ఒక దుకాణంలో ఉందని నాకు ముందే తెలుసు. దాన్ని కొనాలా వద్దా అన్నది విజయవాడలో కూర్చుని తేల్చుకోలేక, ఏదైనా చేతిలోకి తీసుకున్నాకే అనుకుని బయలుదేరాను.

నేను పెళ్ళి రిసెప్షన్లకూ సంగీత విభావరులకూ వాయించే ఆర్కెస్ట్రాలో బేస్ వాయిస్తాను. చిన్నప్పుడు ఇళయరాజా పాటలు వింటూ, పాడేవారి గొంతు వదిలేసి అడుగున నడిచే ఆ లోతైన స్వరాల వెంట పోవడం అలవాటైన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. మా వృత్తిలో బేస్ వాయించేవాణ్ణి ప్రేక్షకులు చూడరు. వాయించడం ఆపితేనే ఏదో తగ్గిందని గమనిస్తారు. అలాంటివాడికి లక్షల ఖరీదు చేసే వాద్యం ఎందుకని ఇంట్లోవాళ్ళు అడిగిన ప్రశ్నకు నా దగ్గర అప్పటికి జవాబు లేదు.

మా చెల్లెలి కాపురం నిషి కసాయ్‌లో. భారతీయులు ఎక్కువగా ఉండే పేట కనుక తెలుగు మాట వినిపించడం అక్కడ వింతేమీ కాదు. ముందుగా హరాజుకు అనే పేటకు వెళ్ళి, ఫెండర్ సంస్థ 2023 జూన్‌లో తెరిచిన పెద్ద షోరూం చూశాను. అద్దాల వెనుక వెలిగే ఆ వాద్యాలను చూస్తుంటే నగల దుకాణంలో నిలబడినట్టే ఉంది, అందుకే అక్కడ ఏ నిర్ణయమూ తీసుకోకూడదని వెంటనే బయటపడ్డాను. మరునాడు తోజాయ్ లైనులో ఈదబాషి వరకు వెళ్ళి, అక్కడ రైలు మారి ఒచనోమిజు చేరాను. హిజిరి వంతెన మీద నిలబడితే కిందుగా కందా నది, దాని ఒడ్డునే రెండు రైలు మార్గాలు, నదిని అడ్డంగా దాటిపోయే మూడో మార్గం కనిపిస్తాయి. ఫోటోలు తీసుకునేవారి మధ్య నుంచి తోవ చేసుకుని నేను నేరుగా దుకాణాల వైపు నడిచాను.

జపాన్ దుకాణాల్లో గోడకున్న వాద్యాన్ని మనంతట మనం తీయకూడదు. వాయించి చూస్తామని చెబితే దుకాణంవారే తీసి, శ్రుతి చేసి, ఆంప్‌కు, అంటే ధ్వని పెంచే పెట్టెకు, తగిలించి ఇస్తారు. నాకు వాద్యం అందించిన అబ్బాయి ముందుగా నా బెల్టు బకిల్‌కు అడ్డంగా మెత్తటి గుడ్డ కట్టాడు. ఖరీదు చీటీ మీద ఆరు లక్షల ఎనభై వేల యెన్లు అని చూశాక ఆ జాగ్రత్త నాకు ఎక్కువనిపించలేదు.

బాడీకీ, తీగలు బిగించే తల భాగమైన హెడ్‌స్టాక్‌కూ ఒకే నీలం రంగు వేసిన ఆ బేస్ కళ్ళు తిప్పుకోనివ్వదు. 1960 ప్రాంతపు జాజ్ బేస్‌లలో ఉన్నట్టే వాల్యూమ్, టోన్ గుండీలు ఒకదాని మీద ఒకటి జంటగా ఉన్నాయి. తీగల కంపనాన్ని అందుకునే రెండు పికప్‌లకు రెండు జంటలు. ఆ ఏర్పాటు కొద్దికాలమే నడిచి, 1962 ప్రాంతంలో మూడు గుండీల పద్ధతి వచ్చింది. రంగు మీద పూత పాతకాలపు నైట్రోసెల్యులోజ్ లాకర్. తీగల కింద వేళ్ళు నొక్కే పలక, ఫింగర్‌బోర్డు, చెక్క ఏమిటని అడిగితే ఇండియన్ రోజ్‌వుడ్ అన్నాడు. అంటే మన జిట్రేగి! మన అడవుల చెట్టు సముద్రాలు దాటి గిటారై టోక్యోలో నా చేతికి వచ్చిందన్నమాట. 2017 నుంచి దాదాపు మూడేళ్ళ పాటు ఆ చెక్క ఉన్న వాద్యాలను దేశాలు దాటించాలంటే అనుమతి పత్రాల తలనొప్పి ఉండేది; పూర్తిగా తయారైన సంగీత వాద్యాలకు 2019 నవంబరు చివర మినహాయింపు ఇచ్చారు కనుక ఆ చింత లేదు.

వాయించడం మొదలుపెట్టగానే నా ఎడమచెయ్యి మొదట తీర్పు చెప్పింది. ఫింగర్‌బోర్డు అంచులను గుండ్రంగా నునుపు చేశారు, దాని మీద అడ్డంగా దిగేసిన లోహపు గీతలు, ఫ్రెట్ల, చివర్లు ఎక్కడా గీరుకోలేదు. పది పదిహేనేళ్ళు వాయించి అరిగిన వాద్యంలా అరచేతిలో ఒదిగిపోయింది. కొత్త బేస్‌ను మచ్చిక చేసుకోవడానికి పట్టే కాలమంతా ఇందులో ఎవరో ముందే ఖర్చు పెట్టేశారనిపించింది. అదే దుకాణంలో, అదే పద్ధతి నమూనాలో జపాన్‌లోనే తయారయ్యే మామూలు జాజ్ బేస్‌ను కూడా అడిగి తీయించుకున్నాను. దాని ఖరీదు లక్షన్నర యెన్లు. రెంటినీ ఒకే ఆంప్‌కు, గుండీలు కదపకుండా, మార్చి మార్చి తగిలించి వాయించాను.

ఈ జాతి బేస్‌లలో నేను తప్పక పరీక్షించే చోటు ఒకటుంది. సన్నటి జి తీగ మీద అయిదు నుంచి ఏడో ఫ్రెట్ వరకు స్వరం తక్కిన చోట్ల కన్నా త్వరగా ఆరిపోతుంది. దీన్ని డెడ్ స్పాట్ అంటారు. అయిదో ఫ్రెట్ దగ్గర స్వరం సుమారు 131 హెర్ట్జ్; ఫింగర్‌బోర్డును మోసే పొడవాటి మెడ, నెక్, చెక్క సొంతంగా కంపించే వేగం ఆ దరిదాపుల్లో ఉంటే తీగలోని శక్తిని నెక్ లాగేసుకుంటుంది. పొడవాటి నెక్‌ను మరలతో బిగించే నిర్మాణానికి ఇది పుట్టుకతో వచ్చిన గుణమే తప్ప పనివాడి లోపం కాదు. మామూలు దానిలో ఆరో ఫ్రెట్ దగ్గర స్వరం ఆరిపోయింది. ఖరీదైన దానిలో అయిదో ఫ్రెట్ దగ్గర, కాస్త తక్కువగానే అయినా, ఆరిపోయింది. ఆ అబ్బాయి నవ్వి, హెడ్‌స్టాక్‌ను పిడికిలితో గట్టిగా పట్టుకుని మళ్ళీ వాయించమన్నాడు. ఈసారి అదే స్వరం చక్కగా నిలిచింది. బరువు చేరేసరికి నెక్ కంపించే వేగం మారి, డెడ్ స్పాట్ మరోచోటికి జరిగిందన్నమాట. నాలుగున్నర రెట్ల ధర పెట్టినా చెక్కకు దాని స్వభావం పోదని ఆ పిడికిలి నాకు చూపించింది.

పై అంతస్తులో వాడిన వాద్యాలు ఉన్నాయి. 1982లో ఫెండర్ జపాన్ మొదలైనప్పుడు మత్సుమోతో పట్టణంలోని ఫుజిజెన్ కర్మాగారంలో తయారైన తొలినాటి బేస్‌లు, జేవీ అక్షరాలతో మొదలయ్యే క్రమసంఖ్యలున్నవి, అక్కడ గోడకు వేలాడుతున్నాయి. ఆ రోజుల్లో అవి తక్కువ ధర సరుకు. నేడు సేకరించేవారు వెతుక్కుంటూ వస్తున్నారు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఈ సంగతే. ప్రసిద్ధ జాజ్ బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ ఫ్రెట్లు తీసేసి, ఫింగర్‌బోర్డు మీద ఎపాక్సీ పూసి వాయించిన 1962 జాజ్ బేస్ ఎవరూ ప్రత్యేకంగా చేసి ఇచ్చినది కాదు. రష్ అనే రాక్ బృందంలో బేస్ వాయించిన గెడ్డీ లీ తన 1972 జాజ్ బేస్‌ను అమెరికాలోని కలమజూ పట్టణంలో ఒక తాకట్టు దుకాణంలో 200 డాలర్లకు కొన్నాడు. ఆయన పేరుతో తర్వాత వచ్చిన ప్రత్యేక నమూనా దాన్ని చూసి చేసినదే. ఇప్పుడు ప్రత్యేకమని అమ్మేవన్నీ ఒకప్పుడు దుకాణంలో మామూలుగా వేలాడిన వాటికి నకళ్ళు. ఈ మాట చెప్పుకుంటే ఆ నీలం బేస్ మీద మోజు తగ్గుతుందనుకున్నాను, కానీ తగ్గలేదు.

సాయంత్రం జింబోచోలో కూర అన్నం తింటూ లెక్క వేశాను. అప్పట్లో పాస్‌పోర్టు చూపితే పది శాతం వినిమయ పన్ను తీసేసేవారు కనుక ఖరీదు 6,18,000 యెన్లకు దిగుతుంది. వంద యెన్లకు సుమారు 55 రూపాయల చొప్పున 3,40,000 రూపాయలు. అప్పటి నిబంధనల ప్రకారం ప్రయాణికుడి సామానులో 50,000 రూపాయల వరకే మినహాయింపు. ఆపై విలువ మీద కస్టమ్స్ సుంకం 38.5 శాతం. అంటే మరో 1,11,000 పైచిలుకు. మొత్తం నాలుగున్నర లక్షలు, విమానంలో పెద్ద పెట్టెకు పడే అదనపు రుసుము కాక. మామూలు బేస్‌కు ఇదే లెక్క వేస్తే సుంకంతో కలిపి ఎనభై అయిదు వేల దగ్గర ఆగింది.

రాత్రి నిషి కసాయ్‌లో, దుకాణంలో ఫోనులో రికార్డు చేసుకున్న ముక్కలను మా బావ చేతికి ఇచ్చి, ఏది ఏదో చెప్పకుండా వినిపించమన్నాను. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే కొన్నిసార్లు సరిగ్గా చెప్పాను, కొన్నిసార్లు తప్పాను.

"బావా, నీకే తేడా తెలియకపోతే పెళ్ళిలో భోజనాల దగ్గరున్నవాడికి ఏం తెలుస్తుంది?" అన్నాడు అతను.

ఫోనులో రికార్డు చేసినది గట్టి సాక్ష్యం కాదని వాదించాను కానీ, నాకు తేడా తెలిసింది చెవితో కాదు, అరచేతితో అని అప్పుడే స్పష్టమైంది. చెవికి వినిపించని రంగు, పూత, ధ్రువపత్రం, కొద్దిమంది దగ్గరే ఉందన్న తృప్తి, వీటికే ఆ ధరలో పెద్ద వాటా పోతోంది. నెక్ పనితనం ఒక్కటే నాకు నిజంగా కావలసింది. పైగా నైట్రో పూత సున్నితమైనది. మే నెల ఎండలో వ్యానులో పడుకునీ, తుపాను రోజుల తేమలో స్టేజీ ఎక్కీ తిరిగే వాద్యానికి అది తగదు. ఆ బేస్ కొంటే ప్రోగ్రాంకు పాతదాన్నే తీసుకెళ్ళి, కొత్తదాన్ని ఇంట్లో పెట్టెలో దాస్తానని నా సంగతి నాకు తెలుసు. స్టూడియోలో చల్లని గదిలో రోజూ రికార్డింగు చేసేవారికి, అప్పు చేయకుండా కొనగలిగినవారికి ఆ నెక్ కోసమే దాన్ని కొనమని ఇప్పటికీ చెబుతాను.

మర్నాడు వెళ్ళి ఆ అబ్బాయిని ఒకటే అడిగాను: మామూలు బేస్ ఫింగర్‌బోర్డు అంచులను అలా గుండ్రం చేసి ఇవ్వగలరా అని. అతను లోపల మరమ్మతుల గదిలోని పెద్దాయనను పిలిచాడు. ఆయన వాద్యాన్ని అడ్డంగా పట్టుకుని నెక్ వెంట ఒంటికన్నుతో చూసి, వేలితో అంచు తడిమి, పదిహేను వేల యెన్ల లోపు అవుతుందనీ, తిరుగు ప్రయాణానికి ముందే ఇస్తాననీ చెప్పాడు. మామూలు బేస్‌నే కొన్నాను. తీసుకునేటప్పుడు పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగల ఎత్తు కొలిచి చూపించి, వేడి ప్రాంతానికి పోతున్నదని తెలిసి నెక్ వంపును సరిచేసే లోపలి కడ్డీని తిప్పే తాళంచెవిని ఎప్పుడూ సంచిలో ఉంచుకోమన్నాడు. శంషాబాద్‌లో సుంకం కట్టవలసినవారు వెళ్ళే రెడ్ ఛానల్‌కు వెళ్ళి, రసీదు చూపించి, తొమ్మిది వేల చిల్లర సుంకం కట్టాను. ఆ వారమే గుంటూరులో ఒక రిసెప్షన్ ఉంటే దాన్నే తీసుకెళ్ళాను. ఆరో ఫ్రెట్ దగ్గరి స్వరం అవసరమైనప్పుడు పక్క తీగ మీద వాయిస్తున్నాను.