2025 జూన్ 15, ఆదివారం: గల్వాన్ కాగితాలు

పేపరు మొదటి పేజీ నిండా ఇరాన్, ఇజ్రాయెల్ దాడులు, అహ్మదాబాద్ విమాన ప్రమాదం. లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో భారత్, చైనా సైనికులు తలపడి ఐదేళ్లు నిండిన సంగతి లోపలి పేజీలో చిన్న బిట్టు. సూర్యాపేట కోర్టు చౌరస్తాలో కల్నల్ సంతోష్ బాబు విగ్రహం ఉంది కాబట్టి నల్గొండ వైపు వాళ్లకైనా ఈ తేదీ గుర్తుంటుంది. 2020 జూన్ 15 రాత్రి గస్తీ పాయింట్ 14 దగ్గర ఆయనతో కలిపి 20 మంది పోయారు.

పొద్దున్నే వాట్సాప్‌లో రెండు ఫార్వర్డ్‌లు. ఒకటి: చైనా వాళ్లు 43 మంది చచ్చారు, గవర్నమెంటు చెప్పనివ్వలేదు. రెండోది: మన భూమి పోయింది, గవర్నమెంటు చెప్పనివ్వలేదు. పంపినవాళ్లు ఒకదానికొకటి పడని పార్టీల అభిమానులు. ఇద్దరికీ ప్రభుత్వం మీద నమ్మకం లేదు, టీవీ మీద అసలే లేదు. ఇద్దరి దగ్గరా ఒక్క తేదీ గానీ, ఒక్క కాగితం గానీ లేదు. అపనమ్మకం తప్పని నేననను. కానీ ఎవరు, ఏ రోజు, ఏ మాట అన్నారో చూపించలేని అపనమ్మకాన్ని ఏ మంత్రయినా ఒక్క ప్రెస్‌మీట్‌లో తోసిపారేయగలడు. అందుకే ఆదివారం పూట గల్వాన్ కాగితాలన్నీ తేదీల వరసన పెట్టాను.

ముందు అంకె సంగతి. జూన్ 16 మధ్యాహ్నం సైన్యం ఇచ్చిన ప్రకటనలో ఒక అధికారి, ఇద్దరు జవాన్లు. రాత్రికి వచ్చిన ప్రకటనలో 20. తీవ్రంగా గాయపడిన 17 మంది ఆ ఎత్తులో, సున్నా కంటే దిగువ చలిలో తట్టుకోలేకపోయారని అందులోనే రాశారు. మూడు ఇరవై అవడాన్ని చాలామంది అబద్ధానికి సాక్ష్యంగా చూపిస్తారు. నా లెక్కలో అది అబద్ధం కాదు. అలాంటి చోటు నుంచి కబురు రావడానికీ, క్షతగాత్రుల్ని దించడానికీ పట్టే సమయం అది. పెరిగిన అంకెను అదే రోజు, అదే సంస్థ, కారణంతో సహా చెప్పింది. నిజాయితీగా సరిదిద్దుకోవడం అంటే అదే.

43 సంగతి వేరు. ఒక వార్తాసంస్థ ఆ రోజు రాసింది, చైనా వైపు చనిపోయినవాళ్లూ తీవ్రంగా గాయపడ్డవాళ్లూ కలిపి 43 అని, అదీ చాటుగా విన్న చైనా వైపు సంభాషణల ఆధారంగా అని. ఇంగ్లీషు వార్తలో ఉన్న మాట క్యాజువాలిటీ. సైనిక భాషలో ఆ మాటలోకి చనిపోయినవాళ్లూ వస్తారు, గాయపడి పోరుకు పనికిరాకుండా పోయినవాళ్లూ వస్తారు. టీవీ స్క్రోలింగ్‌లోకి దిగేసరికి అది 43 మంది హతం అయింది. చైనా తనంతట తాను నలుగురి మరణాన్ని ఒప్పుకున్నది 2021 ఫిబ్రవరి 19న, ఎనిమిది నెలలకు. దాన్ని నమ్మాలని లేదు. అలాగని మన 43కు రుజువు దొరికినట్టూ కాదు. మధ్యలో కొన్ని ఛానెళ్లు కాంగ్‌షివా శ్మశానం ఉపగ్రహ చిత్రాలు వేసి ఇవిగో గల్వాన్ సమాధులన్నాయి. అది 1962 యుద్ధంలో చనిపోయిన చైనా సైనికుల శ్మశానం, ఎప్పటినుంచో ఉన్నదే.

ఇలాంటి వార్త నాలుగు ఛానెళ్లలో ఒకేసారి వస్తే నాలుగు ఆధారాలనుకుంటాం. లెక్కపెట్టాల్సింది ఛానెళ్లను కాదు, వాటికి వార్త చెప్పిన వర్గాలను. నాలుగింటిలోనూ ఒకే వాక్యం, అదే వరసలో, పది నిమిషాల తేడాలో వచ్చిందంటే ఢిల్లీలో ఎవరో ఒకరు పేరు చెప్పొద్దని అందరికీ కలిపి చెప్పారని అర్థం. అది ఒక్క ఆధారం. విశ్వసనీయ వర్గాలు అన్న మాట పక్కన ఆ వర్గం ఏ శాఖదో కూడా రాయకపోతే, ఆ వార్తను మర్నాటి దాకా పక్కన పెట్టడమే మంచిది.

ఇక అసలు చోటికి వస్తాను. జూన్ 17న విదేశాంగ మంత్రి జైశంకర్, చైనా మంత్రి వాంగ్ యీ ఫోన్లో మాట్లాడుకున్నారు. దాని మీద మన విదేశాంగ శాఖ ఇచ్చిన ప్రకటనలో ఉన్నది: గల్వాన్ లోయలో వాస్తవాధీన రేఖకు మన వైపున చైనా ఒక నిర్మాణం చేయబోయింది, ముందే అనుకుని పథకం ప్రకారం చేసింది. రెండు రోజులకు, జూన్ 19న, అఖిలపక్ష సమావేశంలో ప్రధాని హిందీలో అన్నది: మన సరిహద్దులోకి ఎవరూ చొరబడలేదు, ఎవరూ లోపల లేరు, మన పోస్టు ఏదీ ఇంకొకరి చేతిలో లేదు. జూన్ 20న ప్రధాని కార్యాలయం వివరణ ఇచ్చింది: ఆ మాటలు 15న గల్వాన్‌లో జరిగిన దాని గురించి, వాటికి కొందరు వక్రభాష్యం చెబుతున్నారు అని. అదే సమయంలో బీజింగ్ గల్వాన్ లోయ మొత్తం తమదేనంటూ కూర్చుంది.

ఆగస్టు మొదటి వారంలో రక్షణ శాఖ వెబ్‌సైట్‌లో ఒక పత్రం కనబడింది. మే 17, 18 తేదీల్లో తూర్పు లద్దాఖ్‌లోని కుగ్రాంగ్ నాలా, గోగ్రా, పాంగాంగ్ సరస్సు ఉత్తరపు ఒడ్డు దగ్గర చైనా వైపు వాళ్లు రేఖ దాటారని అందులో ఉంది. పత్రికలు రాశాయి. రెండు రోజుల్లో ఆ పత్రం వెబ్‌సైట్‌లో లేదు. తప్పు పడిందనో, సవరిస్తున్నామనో ఒక్క ముక్క పెట్టలేదు. సెప్టెంబరు 15న లోక్‌సభలో రాజ్‌నాథ్ సింగ్ ప్రకటన: మే నెల మధ్యలో కొంగ్‌కా లా, గోగ్రా, పాంగాంగ్ ఉత్తరపు ఒడ్డున దాటడానికి ప్రయత్నాలు జరిగాయి, వాటిని ముందుగానే కనిపెట్టాం. పత్రంలో దాటారు, సభలో దాటబోయారు. ఆ మర్నాడే రాజ్యసభలో హోం శాఖ రాతపూర్వక జవాబు: గత ఆరు నెలల్లో భారత్-చైనా సరిహద్దులో చొరబాటు నమోదు కాలేదు.

తెలుగులో చదివేవాళ్లకు ఇక్కడ ఇంకో దెబ్బ పడుతుంది. ఇంగ్లీషులో మూడు మాటలున్నాయి. ఇన్‌ఫిల్ట్రేషన్ అంటే ఉగ్రవాదులు దొంగచాటుగా దూరడం. హోం శాఖ జవాబులో ఉన్నది ఈ మాట. ఇంట్రూజన్ అంటే వచ్చి తిష్ఠ వేయడం. ట్రాన్స్‌గ్రెషన్ అంటే గీత దాటి రావడం; గీత ఎక్కడుందో రెండు దేశాలకూ ఏకాభిప్రాయం లేదు కాబట్టి మన అధికారులు వాడేది ఎక్కువగా ఇదే. మన పత్రికల్లో మూడూ చొరబాటే. అందుకే ఒక రోజు చొరబాటు జరిగిందనీ, ఇంకో రోజు చొరబాటు లేదనీ చదివి, అందరూ అబద్ధాలకోర్లే అనుకుని పేపరు మడిచేస్తాం. డెస్కులో కూర్చున్న సబ్ ఎడిటర్లు చొరబాటు, తిష్ఠ వేయడం, గీత దాటడం అని మూడు మాటలు విడివిడిగా రాస్తే సగం గందరగోళం అక్కడే తీరుతుంది. హోం శాఖ జవాబు అక్షరాలా తప్పు కాదు, అడిగినవాళ్ల ప్రశ్నలోనే ఆ మాట ఉంది. కానీ దేశమంతా ఏం తెలుసుకోవాలని చూస్తోందో తెలిసి కూడా ఆ ఒక్క మాట వెనక నిలబడి జవాబివ్వడాన్ని నేను క్షమించలేను.

నా మటుకు నమ్మకం జారిపోయింది ఆ ఆగస్టు పత్రం దగ్గర. రహస్యం ఉంచడం వేరు. సరిహద్దులో ఎంతమంది ఉన్నారో, ఎక్కడున్నారో చెప్పమని బుద్ధున్నవాళ్లెవరూ అడగరు. ఒకసారి చెప్పిన దాన్ని చెప్పనట్టు చేయడం వేరు. అందుకని ఇలాంటి పత్రం కంటబడిన రోజునే పీడీఎఫ్‌గా దించుకోవాలి, పేజీ కింద వెబ్ చిరునామా, తేదీ, సమయం పడేలా. ఆ చిరునామాను వెబ్ పేజీల పాత ప్రతులు దాచే వేబ్యాక్ మెషీన్‌లో కూడా భద్రం చేయాలి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, అది ఎవరైనా తయారు చేయొచ్చు.

ఇంకో అలవాటు, కష్టం లేనిది: రెండు దేశాలు మాట్లాడుకున్నాక రెండు రాజధానులూ ఇచ్చే ప్రకటనలను పక్కపక్కన పెట్టడం. 2020 జూలై 5న మన జాతీయ భద్రతా సలహాదారు దోవల్, వాంగ్ యీ మాట్లాడుకున్నారు. మన ప్రకటనలో వాస్తవాధీన రేఖను గౌరవించాలి, యథాతథ స్థితిని ఏకపక్షంగా మార్చకూడదు అని ఉంది. చైనా ప్రకటనలో గల్వాన్‌లో తప్పొప్పులు ఎవరివో స్పష్టమే, మా ప్రాదేశిక సార్వభౌమత్వాన్ని గట్టిగా కాపాడుకుంటాం అని ఉంది. రెండింటిలోనూ ఉన్నది ఇద్దరూ ఒప్పుకున్న సంగతి. ఒకదాంట్లోనే ఉన్నది తగువు ఇంకా తేలని సంగతి. సాయంత్రం డిబేట్లో ఎనిమిది మంది గంటసేపు అరిచినా ఇంత తెలియదు.

ఇలా పక్కపక్కన పెట్టి చూడటానికి ఐక్యరాజ్యసమితి ఓట్లు ఇంకా తేలిక, అక్కడ మాట మార్చడానికి వీలుండదు. మొన్న జూన్ 12న గాజాలో కాల్పుల విరమణ కోరే తీర్మానం సర్వప్రతినిధి సభలో 149 ఓట్లతో నెగ్గింది. 12 దేశాలు వ్యతిరేకించాయి, 19 దేశాలు ఓటింగుకు దూరంగా ఉన్నాయి. ఆ 19లో మనం ఒకరం. 2024 డిసెంబరులో ఇదే కోరికతో వచ్చిన తీర్మానానికి అనుకూలంగా ఓటేశాం. ఆరు నెలల్లో ఏం మారింది? మన ప్రతినిధి పర్వతనేని హరీశ్ చదివిన ఓటు వివరణలో సంప్రదింపులే దారి అని ఉంది. డిసెంబరుకూ జూన్‌కూ నడుమ ఏం మారిందన్నదే పార్లమెంటులో అడగాల్సింది.

సమాచార హక్కు దరఖాస్తు పెడదామనుకునేవాళ్లకు నాలుగు మాటలు. ఎందుకు చేశారు అని అడిగితే జవాబు రాదు, కారణాలూ అభిప్రాయాలూ సమాచారం కిందికి రావని తిప్పి పంపుతారు. కాగితం అడగాలి: ఫలానా తేదీన వెబ్‌సైట్‌లో పెట్టిన పత్రం నకలు, దాన్ని తీసేయమన్న ఉత్తర్వు నకలు, ఆ ఫైలు మీద అధికారులు రాసుకున్న నోటింగులు. ఫీజు 10 రూపాయలు, దరఖాస్తు మామూలుగా 500 పదాలు దాటకూడదు, జవాబుకు గడువు 30 రోజులు. రక్షణ, విదేశాంగ, హోం మూడింటినీ ఒకే దరఖాస్తులో కలిపితే అది ఊళ్లు తిరుగుతూనే ఉంటుంది, శాఖకొకటి పెట్టాలి. సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(ఎ) అని రాసి తిరస్కరించడం మామూలే. దేశ భద్రత, విదేశీ సంబంధాలు దాని కిందే వస్తాయి. మొదటి అప్పీలు 30 రోజుల్లో వేస్తూ సెక్షన్ 10 చూపించాలి: రహస్యమైన భాగాన్ని కొట్టేసి మిగతాది ఇవ్వండి అని. తొందర మాత్రం పనికిరాదు. 20 ఏళ్లు దాటితే చాలా మినహాయింపులు తొలగిపోతాయని సెక్షన్ 8(3) చెబుతుంది, కానీ 8(1)(ఎ)ను అక్కడ కూడా పక్కన ఉంచారు. 1962 ఓటమి మీద తయారైన హెండర్సన్ బ్రూక్స్ నివేదికను ఇప్పటికీ ఏ ప్రభుత్వమూ బయటపెట్టలేదు, ఏ పార్టీదైనా సరే. 2014లో ఒక విదేశీ పాత్రికేయుడు కొంత భాగం బయటపెడితే చూశాం.

పార్లమెంటు ప్రశ్న ఇంతకంటే బలమైనది. కానీ 2020 సెప్టెంబరు సమావేశాల్లో కోవిడ్ పేరుతో ప్రశ్నోత్తరాల సమయమే ఎత్తేశారు, రాతపూర్వక జవాబులే మిగిలాయి. జవాబు మీద అక్కడికక్కడే అడిగే అనుబంధ ప్రశ్న లేకపోతే మంత్రి రాసుకొచ్చిందే వేదం. రక్షణ మంత్రి ప్రకటన మీద లోక్‌సభలో చర్చకు అవకాశమివ్వలేదని ప్రతిపక్షం బయటికి నడిచింది. ఆ నష్టం ఇప్పటికీ పూడలేదు.

వర్షాకాల సమావేశాలు జూలై 21న మొదలవుతాయి. జవాబు కావాల్సిన రోజుకు 15 పూర్తి రోజుల ముందు నోటీసు అందాలి, అంటే మొదటి రోజుకే కావాలంటే జూలై తొలి రోజుల్లోనే పంపాలి. ప్రశ్న 150 పదాల లోపు ఉండాలి, వాదన, ఆరోపణ, ఎత్తిపొడుపు ఉంటే తోసేస్తారు. మన ఎంపీ ఎవరైనా సరే, ఏ పార్టీ అయినా సరే, రాసిచ్చిన ప్రశ్న చేతికిస్తే పంపే అవకాశం ఎక్కువ. 2023 జనవరిలో పోలీసు అధికారుల సదస్సుకు వెళ్లిన ఒక పత్రంలో తూర్పు లద్దాఖ్‌లోని 65 గస్తీ పాయింట్లలో 26 చోట్లకు మనవాళ్లు వెళ్లడం లేదని ఉంది. 2024 అక్టోబరు ఒప్పందంతో దెప్సాంగ్, డెమ్‌చోక్‌లలో గస్తీ మళ్లీ మొదలైంది. ఆ లెక్క ఇప్పుడెంతో అడగాలి కాబట్టి రాత్రి భోజనాలయ్యాక రాసి పెట్టింది ఇది:

రక్షణ శాఖ మంత్రి దయచేసి తెలుపగలరా: (ఎ) 2020 ఏప్రిల్‌లో తూర్పు లద్దాఖ్‌లో భారత దళాలు గస్తీకి వెళ్లిన పాయింట్ల సంఖ్య, (బి) వాటిలో నేడు గస్తీ జరుగుతున్నవి ఎన్ని, (సి) గల్వాన్, పాంగాంగ్, గోగ్రా, హాట్ స్ప్రింగ్స్‌లలో ఏర్పరచిన, రెండు సైన్యాలూ గస్తీ తిరగని బఫర్ జోన్లలో గస్తీ పునరుద్ధరణకు గడువు ఏదైనా నిర్ణయించారా, (డి) 2020 ఆగస్టులో శాఖ వెబ్‌సైట్ నుంచి తొలగించిన పత్రాన్ని సభ ముందు ఉంచుతారా, లేనిచో కారణాలు?