గెలుపెవరిదో తెలియదన్న మాట: గీతకు ముందు ధర్మరాజు తూకం

మార్గశిర శుద్ధ ఏకాదశి నాడు, గీతా జయంతి అని, ఇళ్లలోనూ గుళ్లలోనూ 18 అధ్యాయాలూ పారాయణ చేస్తాము. ఆ పారాయణలో రెండవ అధ్యాయపు ఆరవ శ్లోకం మన నోట చాలా తొందరగా దాటిపోతుంది. ముందు “క్లైబ్యం మా స్మ గమః” అన్న స్వామి హెచ్చరిక, తరువాత “కార్పణ్యదోషోపహతస్వభావః” అన్న శరణాగతి ఉండడంతో మధ్యలోని ఈ మాట మీద మనసు నిలవదు.

“న చైతద్విద్మః కతరన్నో గరీయో
యద్వా జయేమ యది వా నో జయేయుః
యానేవ హత్వా న జిజీవిషామ-
స్తేఽవస్థితాః ప్రముఖే ధార్తరాష్ట్రాః”

మేము వారిని గెలవడమా, వారు మమ్మల్ని గెలవడమా, రెంటిలో మాకు ఏది మేలో తెలియడం లేదు. ఎవరిని చంపి మేము బ్రతకదలచుకోలేదో ఆ ధార్తరాష్ట్రులే ఎదుట నిలిచి ఉన్నారు అని అర్జునుడు అంటున్నాడు. ఇందులో సందేహాలు రెండున్నాయి. గెలుపు ఎవరిదో తెలియదు. తమదే అయినా అది మేలో కాదో తెలియదు. ఈ సందేహాన్ని అర్జునుడి పిరికితనంగా కొట్టిపారేయడం న్యాయం కాదని నా నమ్మకం, ఎందుకంటే ఆ రెండు సందేహాలనూ అతని అన్నగారు ఏళ్ల తరబడి మోశాడు.

అరణ్యవాసం మొదలై 13 నెలలు గడిచినప్పుడు భీమసేనుడు, నెలను ఏడాదిగా లెక్కిస్తే గడువు తీరినట్లేనని, వెంటనే యుద్ధానికి లేవాలని పట్టుబట్టాడు. ధర్మరాజు మాట తప్పనన్నాడు; అంతటితో ఆగక, ఎదుటి పక్షాన ఉన్న భీష్ముణ్ణి, ద్రోణుణ్ణి, అశ్వత్థామను, అభేద్యమైన కవచం తొడిగిన కర్ణుణ్ణి పేరుపేరునా చెప్పి, కర్ణుడి హస్తలాఘవం తలచుకుంటే తనకు నిద్ర పట్టడం లేదని తమ్ముడి దగ్గర దాచకుండా చెప్పాడు. భీముడు మారు మాట్లాడలేకపోయాడు. ఆ వెంటనే వ్యాసభగవానుడు వచ్చి ప్రతిస్మృతి విద్యను ఉపదేశించడం, అర్జునుడు తపస్సుకు బయలుదేరి పాశుపతాన్ని సాధించడం జరిగాయి. విజయవాడ ఇంద్రకీలాద్రిని మనవాళ్లు ఆ తపస్సు జరిగిన చోటుగానే కొలుస్తారు. ఆ కొండ ఎక్కేటప్పుడు ఆ తపస్సుకు కారణమైన ధర్మరాజు నిద్రలేని రాత్రులనూ తలచుకోవాలి.

అజ్ఞాతవాసం ముగిశాక, ఉద్యోగపర్వంలో, రాయబారానికి ముందు ధర్మరాజు శ్రీకృష్ణుడితో చెప్పిన మాటలు నన్ను మరీ కదిలిస్తాయి.

“సర్వథా వృజినం యుద్ధం కో ఘ్నన్న ప్రతిహన్యతే
హతస్య చ హృషీకేశ సమౌ జయపరాజయౌ”

యుద్ధం ఏ విధంగా చూసినా పాపమే, కొట్టినవాడు తిరిగి దెబ్బ తినకుండా ఎలా ఉంటాడు, చచ్చినవాడికి గెలిచినా ఓడినా ఒకటే కదా అని భావం. గెలిచినవాడికి కూడా నష్టం తప్పదని ఆ వెంటనే అంటాడు. మాంసం ముక్క కోసం కుక్కలు తోకలాడించి, గుర్రుమని, చుట్టూ తిరిగి, పళ్లు చూపించి, మొరిగి, చివరికి కరచుకుంటాయని, బలమైనది తింటుందని, రాజుల తగవులలో ఇంతకన్నా విశేషం లేదని తన కులధర్మాన్నే నిలదీస్తాడు. ఇలా ఆలోచించినవాడు కనుకనే రాజ్యంలో తన న్యాయమైన వాటాను సైతం వదులుకొని, అంతకుముందే సంజయుడి ద్వారా అయిదు ఊళ్లు చాలునని కబురు పంపగలిగాడు. మన రాయబారం నాటకాలలో యుద్ధభయం చూపించే పద్యాలకే వన్స్ మోర్‌లు పడతాయి. ధర్మరాజు పడిన ఈ వేదనకు అంత చోటు దొరకకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

దుర్యోధనుడికి ఇటువంటి సందేహం ఒక్కటీ లేదు. కర్ణుడొక్కడే శత్రువులందరినీ గెలవగలడని అతని నిశ్చయమని విదురుడు శ్రీకృష్ణుడికి చెప్పాడు. ఇటు 11 అక్షౌహిణులు, అటు 7. లెక్క చూస్తే అతని ధీమా సబబే. కాని ఆ లెక్కలో ఉన్న మనుషుల మనసులను అతడు చూడలేదు. సేనాపతి భీష్ముడు పాండుపుత్రులను చంపనని ముందే బాహాటంగా చెప్పాడు. భీష్ముడు ఉండగా ఆయుధం పట్టనని కర్ణుడు ఒట్టు పెట్టుకున్నాడు. దానితో మొదటి 10 రోజులు అతడు రణరంగానికే రాలేదు. ఈ రెండూ దుర్యోధనుడికి తెలిసినవే. తెలియనివి మరి రెండున్నాయి: అర్జునుణ్ణి తప్ప మిగిలిన నలుగురినీ చంపనని కర్ణుడు కుంతీదేవికి మాట ఇచ్చాడు, దారిలో మర్యాదలు చేసి తన వైపు తిప్పుకున్న శల్యుడు, కర్ణుడి తేజస్సును మాటలతో తగ్గిస్తానని ధర్మరాజుకు మాట ఇచ్చాడు. సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనని నిండు సభలో అన్నది ఇంత డొల్ల బలాన్ని నమ్ముకొనే.

అర్జునుడి ప్రశ్నకు స్వామి ఇచ్చిన జవాబు చూడండి. గెలుపు నీదే, కనుక లే అని ఆయన ఆ అధ్యాయంలో అనలేదు. “హతో వా ప్రాప్స్యసి స్వర్గం జిత్వా వా భోక్ష్యసే మహీమ్” అంటూ చావునూ గెలుపునూ పక్కపక్కనే పెట్టి, వెంటనే జయాపజయాలను సమంగా చూసి యుద్ధానికి సిద్ధపడమన్నాడు. శత్రువులను జయిస్తావన్న మాట విశ్వరూపం చూపాక, 11వ అధ్యాయంలో గాని రాదు. పైగా ఈ మాటలన్నీ చెప్పినవాడు తానే హస్తినకు వెళ్లి, సంధి కుదరదని విదురుడు వారించినా, ధర్మకార్యానికి శక్తికొద్దీ ప్రయత్నించి విఫలుడైనవాడికీ ఆ పుణ్యం దక్కుతుందని చెప్పి, ఆఖరి దాకా ప్రయత్నించినవాడు. ఈనాడు గీతలో నుంచి “యుధ్యస్వ” అన్న ఒక్క మాటను తీసి యుద్ధాలకు ఊతంగా వాడేవారు ఆ రాయబారాన్ని కూడా కలిపి చదవాలని వేడుకుంటున్నాను.

యుద్ధం 18 రోజులు జరిగింది. భగవంతుడే సారథి అయినా అభిమన్యుడు దక్కలేదు, ఘటోత్కచుడు దక్కలేదు. దుర్యోధనుడు కూలిన రాత్రి, గెలిచామనుకొని శిబిరంలో నిద్రపోతున్న ద్రౌపది కొడుకులను అయిదుగురినీ అశ్వత్థామ చంపాడు. ఆ వార్త విని కుప్పకూలిన ధర్మరాజు, దివ్యదృష్టి ఉన్నవారికైనా కార్యాల గతి తెలియదని, ఓడినవారు గెలిచారని, గెలిచిన మేము ఓడామని విలపించాడు.